వాగు నీళ్ళకు ఫిల్టరు ఒక్కటే చాలదు

వానలు వెనకపట్టాయి. నల్లమలలో వాగులు ఇంకా నిండుగానే పారుతున్నాయి. తూర్పు కనుమల్లో ఏ మలుపు తిరిగినా ఒక సెలయేరు ఎదురవుతోంది. దసరా సెలవులు మొదలుకొని సంక్రాంతి దాటేదాకా మన కుర్రకారు భుజాన సంచి తగిలించుకుని కొండలెక్కే రోజులివి. తలకోన, అహోబిలం, వంజంగి బయల్దేరేవాళ్ళు కొందరు, హిమాలయాలకు రైలెక్కేవాళ్ళు మరికొందరు. 2014లో మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కి వచ్చాక కొండలంటే మన పల్లె పిల్లలకు కూడా దగ్గరయ్యాయి. సంతోషించాల్సిన మార్పే. ఆ సంతోషం ఆస్పత్రి మంచం మీద ముగియకూడదనే ఈ హెచ్చరిక.

ఇప్పుడు చాలామంది సంచుల్లో అరచేతిలో ఇమిడే నీటి ఫిల్టరు ఒకటి ఉంటోంది. సాయర్ స్క్వీజ్, కటాడిన్ బీఫ్రీ, లైఫ్‌స్ట్రా లాంటివి, వాటిని పోలిన చవక రకాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. బరువు వంద గ్రాముల లోపే. కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గ్రాములు?", రెండోది "ఎంత రేటు?". "ఇది దేన్ని ఆపలేదు?" అని అడిగేవాళ్ళు తక్కువ. అసలు అడగాల్సింది అదే. జవాబు సూటిగా చెబుతున్నాం: ఈ తేలిక ఫిల్టర్లు వైరస్‌లను ఆపలేవు. మన దేశంలోనూ నేపాల్‌లోనూ వాగు నీళ్ళు తాగబోయే వాళ్ళు ఒక్క ఫిల్టరును నమ్ముకుని బయల్దేరడం ప్రమాదం. దానికి తోడు క్లోరిన్ బిళ్ళలైనా ఉండాలి, నీళ్ళు మసల కాచుకునే ఏర్పాటైనా ఉండాలి.

ఎందుకో కొలతలే చెబుతాయి. ఈ ఫిల్టర్ల లోపల సన్నని బోలు పోగులు కట్టలుగా ఉంటాయి. వాటి గోడల్లోని రంధ్రాల సైజు 0.1 నుంచి 0.2 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పేగుల్లో చేరి వారాల తరబడి పీడించే గియార్డియా తిత్తి 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది. అలాంటిదే మరో పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 ఉంటుంది. టైఫాయిడ్, కలరా తెచ్చే బాక్టీరియా మందం అర మైక్రాన్ పైమాటే. ఇవన్నీ ఫిల్టరు దగ్గరే ఆగిపోతాయి. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లు మాత్రం 0.03 మైక్రాన్ల దగ్గర ఉంటాయి. రవ్వ జల్లెడలో మైదా నిలవనట్టే అవి ఈ రంధ్రాల్లోంచి జారిపోతాయి. నీళ్ళు తేటగా వస్తాయి, వాసన ఉండదు, రుచి బాగుంటుంది, వైరస్ మాత్రం అందులోనే ఉంటుంది.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో "99.9999 శాతం" అని చూసి మోసపోకండి. చాలా పెట్టెల మీద అది బాక్టీరియా లెక్క మాత్రమే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1987లో ఇలాంటి శుద్ధి పరికరాల పరీక్షకు మూడు గీతలు గీసింది. బాక్టీరియా 99.9999 శాతం, వైరస్‌లు 99.99 శాతం, పరాన్నజీవుల తిత్తులు 99.9 శాతం తొలగిపోవాలి. మీరు కొనబోయే పెట్టె మీద వైరస్ అన్న మాట, దాని పక్కన అంకె ఉన్నాయా లేదా చూడండి. లేకపోతే ఆ పరికరం వైరస్‌ను ఆపదనే అనుకోండి. పరీక్ష ఎవరు చేశారో కూడా చెప్పని చవక నకళ్ళ మీద ఏ అంకె ఉన్నా దానికి విలువ లేదు.

మరి ఈ ఫిల్టర్లను మెచ్చుకుంటూ ఇన్ని వీడియోలు ఎలా వచ్చాయి? వాటిలో ఎక్కువ భాగం అమెరికాలోని రాకీ పర్వతాల్లో, సియెరా నెవాడాలో నడిచేవాళ్ళు చేసినవి. అక్కడ ఎన్నో దారుల్లో వాగుకు ఎగువన ఊళ్ళుండవు, మనుషులు తక్కువ. మనుషుల మలం నీళ్ళలో కలిసే అవకాశం తక్కువ కాబట్టి మనుషుల నుంచి వచ్చే వైరస్‌ల భయం కూడా తక్కువ. అక్కడున్న మన తెలుగువాళ్ళకు అలాంటి చోట్ల ఫిల్టరు సరిపోవచ్చు. అదే మాట ఇక్కడికి తెచ్చుకుంటేనే ముప్పు. మన కొండల్లో వాగుకు ఎగువన గూడెం ఉంటుంది, గొర్రెల మంద ఉంటుంది, నిన్న రాత్రి దిగిన మరో ట్రెక్కింగ్ బృందం ఉంటుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే జనాన్ని తలచుకోండి. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం నడిచే భక్తులను తలచుకోండి. కేదార్‌నాథ్ దారిలో కంచరగాడిదల పేడ వానకు కొట్టుకుపోయి ఎక్కడ చేరుతుందో ఆలోచించండి. నీళ్ళు అవే, వాటి ఎగువన ఉన్న మనుషులూ పశువులే తేడా.

"పారే నీటికి దోషం లేదు" అని పెద్దవాళ్ళు అనగా విని పెరిగాం. పారే నీటిలో పాచి పట్టదు, దుర్వాసన నిలవదు. రోగక్రిమికి ఆ పట్టింపు లేదు, నీటితోపాటే అదీ పారుతుంది. బండల మీద నుంచి దూకే జలపాతం నీళ్ళైనా, ఇసుకలో తీసిన చెలమ నీళ్ళైనా, ఎగువన ఏముందో కంటికి కనిపించనంతవరకు నమ్మదగ్గవి కావు. అన్నిటికంటే ప్రమాదకరమైనవి వానాకాలం తొలి వరద నీళ్ళు. ఎండాకాలమంతా గట్ల మీద పేరుకున్నదంతా అవి ఒక్కసారిగా కడిగి తెస్తాయి.

ఇంకో మోసం ఉంది. కొండ మీద తాగిన నీళ్ళ ఫలితం కొండ మీద కనిపించదు. గియార్డియా లక్షణాలు బయటపడటానికి వారం నుంచి మూడు వారాలు పట్టవచ్చు. హెపటైటిస్-ఎకు రెండు నుంచి నాలుగు వారాలు, హెపటైటిస్-ఇకి రెండు నుంచి పది వారాలు. అప్పటికి ఫొటోలు చూడటం కూడా మానేసి ఉంటారు. కళ్ళు పచ్చబడినప్పుడు నిందంతా మొన్న తిన్న పానీపూరీ మీదకు పోతుంది. "నేను అదే ఫిల్టరుతో ఎన్నోసార్లు తాగాను, ఏమీ కాలేదు" అనేవాళ్ళ సాక్ష్యం చెల్లకపోవడానికి కారణం ఇదే. గర్భిణుల విషయంలో ఈ నిర్లక్ష్యం ప్రాణాంతకం. గర్భం చివరి మూడు నెలల్లో హెపటైటిస్-ఇ సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి ఉన్న బృందం, చంటిపిల్లలతో వెళ్ళే కుటుంబం, కేన్సర్ మందులు వాడేవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు మసల కాచిన నీళ్ళు తప్ప మరేవీ ముట్టకూడదు.

అయితే ఫిల్టరు మానేసి బిళ్ళలే వాడితే? అదీ చాలదు. ఈ మాటకు రెండు నగరాలు సాక్ష్యం. 1955 చివర్లో ఢిల్లీలో మురుగు కాలువ నీళ్ళు యమునలో వెనక్కి ఎగదన్ని, వజీరాబాద్ దగ్గర నగరానికి నీళ్ళు తోడే చోట కలిశాయి. క్లోరిన్ కలిపే సరఫరా చేశారు. టైఫాయిడ్ లాంటివి పెరగలేదు గానీ 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఇ అని తరవాత తేలింది. నీళ్ళలో మురికి ఎక్కువగా ఉంటే క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా చేరేది తక్కువ. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో మరో పాఠం. అక్కడి నీళ్ళలోకి క్రిప్టోస్పోరిడియం చేరింది. క్లోరిన్ దాన్ని చంపలేదు, నగరపు వడపోత ఆపలేకపోయింది. నాలుగు లక్షల మంది జబ్బుపడ్డారని అంచనా. చేతిలో పట్టే ఫిల్టరు ఆ క్రిప్టోస్పోరిడియంను తేలిగ్గా ఆపుతుంది, వైరస్‌ను వదిలేస్తుంది. క్లోరిన్ బిళ్ళ వైరస్‌ను చంపుతుంది, క్రిప్టోస్పోరిడియంను వదిలేస్తుంది. ఒకటి వదిలినదాన్ని రెండోది పట్టుకుంటుంది. అందుకే రెండూ కావాలి, అదీ ఇదే వరసలో: ముందు వడకట్టాలి, తరవాత బిళ్ళ వేయాలి, ఆ తరవాత ఆగాలి.

ఆ ఆగడమే మనవాళ్ళకు కష్టం. దాహంతో వాగు దగ్గరికి చేరి, బిళ్ళ వేసి, అది పూర్తిగా కరగకముందే మూత తిప్పేవాళ్ళను చూస్తుంటాం. సాధారణ క్లోరిన్ బిళ్ళకు కనీసం అరగంట ఇవ్వాలి. నీళ్ళు మంచులా చల్లగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళలు మరింత గట్టివి. అవి క్రిప్టోస్పోరిడియంను కూడా చంపుతాయి గానీ దానికి నాలుగు గంటలు పడుతుంది. బిళ్ళ ఎన్ని లీటర్లకో కవరు మీద చదవండి. ఇంట్లో బిందెకు వేసే 20 లీటర్ల బిళ్ళను లీటరు సీసాలో వేయకూడదు, లీటరు బిళ్ళను బిందెలో వేసి సరిపెట్టుకోనూ కూడదు. అయొడిన్ బిళ్ళలు థైరాయిడ్ ఉన్నవాళ్ళు, గర్భిణులు వాడకూడదు. బిళ్ళ వేసిన సీసాను అరగంట నడిచే దూరానికి ముందే సిద్ధం చేసుకోవడం అలవాటైతే ఆగడం బరువనిపించదు. ఒక సీసా తాగుతుంటే రెండోది శుద్ధి అవుతుండాలి.

బురద నీళ్ళను నేరుగా ఫిల్టరులో పోస్తే తొందరగా మూసుకుపోతుంది. నీళ్ళను ముందు తేర్చుకునే పని మన పూర్వులకు తెలుసు. చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి బురద నీళ్ళు తేర్చుకునేవాళ్ళు, పటిక ముక్క తిప్పేవాళ్ళు. బురద అడుక్కి దిగాక పైతేట వంచుకుంటే ఫిల్టరు ఎక్కువ కాలం పనిచేస్తుంది. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టినా మేలే. బంగ్లాదేశ్ పల్లెల్లో అలా వడకట్టిన ఇళ్ళలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వెలువడిన పరిశోధన చూపించింది. కలరా క్రిమి నీటిలోని చిన్న చిన్న పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది, గుడ్డ ఆ పురుగులను పట్టేస్తుంది. ఇది తొలి మెట్టు మాత్రమే. తేరిన నీళ్ళు శుద్ధమైన నీళ్ళని అనుకోకండి.

ఫిల్టరు మంచిదైనా చేతులు చెడగొట్టే చోటు ఒకటుంది. మురికి నీళ్ళు నింపే మెత్తటి సంచిని వాగులో ముంచి ఎత్తుతారు, ఫిల్టరు బిగించి, కింద మంచి సీసా పెట్టి నొక్కుతారు. అప్పుడు సంచి మెడ దగ్గర, మరలు బిగిసే చోట గమనించండి. అక్కడ ఒక చుక్క వేలాడుతుంటుంది. అది వాగు నీళ్ళ చుక్క. నొక్కిన కొద్దీ ఫిల్టరు ఒంటి మీదుగా మెల్లగా జారి, మంచి నీళ్ళతోపాటు సీసాలో పడుతుంది. లీటరు నీళ్ళు వడకట్టిన శ్రమంతా ఆ చుక్కతో పోయినట్టే. నింపగానే సంచి మెడను గుడ్డతో తుడవండి, ఆ గుడ్డను నోటికి, సీసాకు తగలనివ్వకండి. మురికి సంచికి రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. ఒక చేయి వాగు నీళ్ళకు, ఒక చేయి మంచి నీళ్ళకు అని నియమం పెట్టుకోండి. బిళ్ళ వేసే అలవాటుంటే ఈ పొరపాటుకు కూడా కొంత కాపు దొరుకుతుంది.

సంక్రాంతి సెలవులకు కేదార్‌కంఠ మంచులోకి వెళ్ళే పిల్లలు ఈ మాట మరీ శ్రద్ధగా వినాలి. ఒకసారి తడిసిన ఫిల్టరు గడ్డకడితే పనికిరాదు. పోగుల్లో మిగిలిన నీరు మంచుగా మారి వ్యాకోచిస్తుంది, పోగుల గోడలు చిట్లుతాయి. పొద్దున్నే ఎండకు పెడితే మంచు కరుగుతుంది, నీళ్ళు ఎప్పటిలాగే వస్తాయి, ఇంకాస్త ధారగానే వస్తాయి. బయటి నుంచి చూస్తే ఏ తేడా తెలియదు. ఆ చీలికల్లోంచి గియార్డియా కూడా నేరుగా మీ సీసాలోకి వస్తుంది. గడ్డకట్టిందని అనుమానం వచ్చిన ఫిల్టరును పారేయమనే తయారీదారులు చెబుతారు. వేల రూపాయలు పోశామని చూసుకోకండి. పగలు నడిచేటప్పుడు చొక్కా లోపల, రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఇంటికొచ్చాక వెనక నుంచి నీళ్ళు కొట్టి కడిగి, క్లోరిన్ నీళ్ళతో శుద్ధి చేసి, పూర్తిగా ఆరబెట్టాకే దాచండి. నిరుడు తడిగా చుట్టి అటక మీద పడేసిన ఫిల్టరును ఈ ఏడు వాడకండి.

అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి మసల కాచడం. బాక్టీరియా, వైరస్, పరాన్నజీవి మూడూ దానికి లొంగుతాయి. గిన్నె అడుగున సూది మొనంత బుడగలు లేవగానే దించితే సరిపోదు. నీళ్ళు అడుగు నుంచి పైదాకా తిరగబడుతూ కళపెళ మరగాలి. అలా ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటిన ఎత్తుల్లో మూడు నిమిషాలు ఉంచాలి. ఎత్తుకు పోయిన కొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, 5,364 మీటర్ల ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దగ్గర సుమారు 83 డిగ్రీలకే. ఆ వేడి కూడా క్రిములను చంపడానికి చాలు, మరిగితే చాలు. క్యాంపుల్లో "వేడి నీళ్ళు" అని పోసేవి మరిగాయో, గోరువెచ్చగా చేసి దించారో మీరే గిన్నె దగ్గర నిలబడి చూడండి. అడగడానికి మొహమాటపడకండి. ఇంధనం మాత్రం ముందే లెక్కవేసుకోవాలి. గ్యాస్ డబ్బాను విమానంలో తీసుకెళ్ళనివ్వరు, దిగిన ఊళ్ళో కొనుక్కోవాల్సిందే.

అతినీలలోహిత కిరణాల పెన్నులు వైరస్‌లను కూడా అణచగలవు గానీ నీళ్ళు తేటగా ఉండాలి, బ్యాటరీ నిలబడాలి. చలికి బ్యాటరీ దిగిపోతే అది ఉత్త పెన్నే. గ్రేల్ లాంటి నొక్కుడు సీసాలు వైరస్‌ను కూడా పట్టేలా పరీక్షకు నిలిచాయి, అయితే అరకిలోకి దగ్గరగా తూగుతాయి. ఒక్క ఫిల్టరు, ఒక్క బిళ్ళల అట్ట కలిపితే అంతకంటే చాలా తేలిక. లీటరు నీళ్ళే కిలో బరువు. అంత బరువు మోసేవాళ్ళు కొద్ది గ్రాముల బిళ్ళల దగ్గర పిసినారితనం చేయడంలో అర్థం లేదు.

తేలిక ఫిల్టరు, బిళ్ళలు, కాచడం, వీటిలో ఏదీ నీటిలో కరిగిన విషాన్ని తీయలేదు. పురుగుమందు కొట్టిన పత్తి, మిరప చేల పక్క కాలువను, గనుల దిగువ వాగును, ఆకుపచ్చ రంగు తెట్టు కట్టిన చెరువును వదిలేయండి. ఆ తెట్టులోని విషం కాచినా పోదు. ఫ్లోరైడ్ కూడా అంతే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో నాటి నెల్లూరు జిల్లా నుంచే తొలి నివేదిక వచ్చింది. నల్లగొండ పల్లెల వంగిన నడుములు ఆ కథను కొనసాగించాయి. నీళ్ళు మరిగించి ఇగిరిపోనిస్తే ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. రెండ్రోజుల నడకలో దానివల్ల ముప్పు రాకపోవచ్చు, అయినా ఫిల్టరు చేతిలో ఉంది కదా అని ఏ నీళ్ళైనా ముంచుకోవచ్చన్న ధీమా వద్దు.

జబ్బు పడితే వెంటనే చేయాల్సింది ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం. ఓఆర్‌ఎస్ పొట్లాలు బిళ్ళల పక్కనే ఉండాలి. పెద్ద పొట్లం మొత్తం లీటరు శుద్ధమైన నీటిలో కలపాలి, సగం పొట్లం సగం గ్లాసు లెక్కలు వద్దు. మలంలో రక్తం, తగ్గని జ్వరం, మూత్రం రాకపోవడం కనిపిస్తే శిఖరం మాట మరచి కిందికి దించండి. ఇంటికొచ్చాక పది వారాల్లో ఎప్పుడు విరేచనాలు, కామెర్లు వచ్చినా "ఫలానా చోట వాగు నీళ్ళు తాగాను" అని డాక్టరుకు మీరే చెప్పండి.

బాధ్యత నడిచేవాళ్ళది మాత్రమే అనడం అన్యాయం. ట్రెక్కింగ్ నిర్వాహకులు క్యాంపులో నీళ్ళు ఎలా శుద్ధి చేస్తారో డబ్బు కట్టించుకునే ముందే రాసి ఇవ్వాలి. మరుగుదొడ్డి గుంతలు నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో తీయించాలి. అమ్మేవాళ్ళు "ఇది వైరస్‌లను ఆపదు" అన్న వాక్యాన్ని పెట్టె మీద తెలుగులో, కళ్ళకు కనిపించేంత అక్షరాల్లో ముద్రించాలి. అటవీ దారుల్లోకి టికెట్ ఇచ్చి పంపే అధికారులు గేటు దగ్గరే క్లోరిన్ బిళ్ళలు అందుబాటులో ఉంచాలి, ఏ వాగు నీళ్ళు ముట్టకూడదో బోర్డు పెట్టాలి. పిల్లలను కొండలకు తీసుకెళ్ళే కాలేజీలు, పాఠశాలలు ఈ ఏర్పాట్లు లేకుండా బస్సు కదిలించకూడదు. ఇవేవీ కోట్ల ఖర్చు పనులు కావు.

ఈ వారం బయల్దేరేవాళ్ళు ఈ రాత్రే సంచి విప్పి చూసుకోండి. ఫిల్టరు ఎప్పుడైనా గడ్డకట్టిందా? పెట్టె మీద వైరస్ లెక్క ఉందా? లేకపోతే మందుల షాపుకు వెళ్ళి లీటరు కొలత క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు కొనండి, మీ బృందంలో ప్రతి ఒక్కరి సంచిలో విడివిడిగా పెట్టించండి. బిళ్ళలు లేని సంచి ఎవరిదైనా ఉంటే, అవి కొనేదాకా బృందం మొత్తం ఆగండి.